పలకని వెండి

నీలాటిపేటలు రెండు. పాతది సముద్రం అడుగున ఉంది, కొత్తది దాని నెత్తిన తేలుతోంది. 2094 నాటికి కళింగ తీరంలో సగం ఊళ్ళ సంగతి ఇంతే. వంటింటి కిటికీలోంచి తాడు కట్టిన మెటల్ డిటెక్టరు దించి, తాతల నాటి ఇత్తడి బిందెలు వెతుక్కోవడం అక్కడివాళ్ళకి ఆదివారం కాలక్షేపం. బిందె దొరికితే సంబరం, రేకు ముక్క దొరికితే తిట్లు.

డాక్టర్ హైమవతి చేసిన యంత్రం అలాంటి ఆటవస్తువు కాదు. మామూలు లోహశోధిని నేలమీద బుద్ధిగానే ఉంటుంది గానీ ఉప్పునీళ్ళలో దానికి మతి పోతుంది. ఉప్పునీరు కూడా విద్యుత్తును పారనిస్తుంది కనుక నీళ్ళనే లోహమనుకుని గోలపెడుతుంది. హైమవతి శోధిని విద్యుత్తును పల్సులుగా, అంటే చిన్న చిన్న దెబ్బలుగా వదిలి, నీటి సద్దు అణిగేదాకా ఆగి, ఆ తర్వాత లోహం ఇచ్చే మారుపలుకు వింటుంది. అసలు గొప్ప అది కాదు. ఏళ్ళ తరబడి ఒంటిమీదున్న వెండిలో, బంగారంలో ఆ మనిషి చెమట సన్నటి ముద్ర వేస్తుంది. ఎవరి ముద్ర వాళ్ళదే. దానికి ఆమె 'ఒంటిగుర్తు' అని పేరు పెట్టింది. ఒక మనిషి పెట్టుకున్న ఉంగరమో గొలుసో విత్తుగా, అంటే నమూనాగా, దానికి ఇస్తే చాలు, ఆ మనిషి ఒంటి మీదుండిన మరే నగ దగ్గరికి వెళ్ళినా శోధిని ఈల వేస్తుంది. ఇంకొకరిదైతే కిలో బంగారమైనా నోరు మెదపదు.

ఆ ఏడు తుపానులో నూకాలు కొడుకు సింహాద్రి పడవ తిరగబడింది. పడవ దొరికింది, కుర్రాడు దొరకలేదు. వాడి నడుముకి వెండి మొలతాడు ఉంది. అది దొరికితే పోయినట్టే, పిండం పెట్టొచ్చు. దొరక్కపోతే, బతికున్నవాడికి పిండం పెట్టిన పాపం ఎవరు మోస్తారు? పెట్టకపోతే బిడ్డ ఆకలితో తిరుగుతుంటాడని తండ్రి అప్పన్న రోజూ ఏడ్చేవాడు. నూకాలు ఏడవలేదు. కొడుకుదని ఒక వెండి ఉంగరం తెచ్చి హైమవతి చేతిలో పెట్టింది, ఆవిడ పడవలో తానూ రోజూ వస్తానంది.

పడవకి బిగించిన మరచేయి సముద్రం అడుగు నుంచి కనిపించిన లోహమల్లా పైకి తెచ్చింది. మొలతాళ్ళే ఎన్నో వచ్చాయి. సముద్రం మింగింది ఒక్కణ్ణా? శోధిని ఒక్కదానికీ పలకలేదు. మరచేయి పైకి వచ్చినప్పుడల్లా నూకాలు అటు తిరిగి కూర్చునేది. మధ్యాహ్నం సద్ది విప్పుకున్నాక మాత్రం కొడుకు కబుర్లు చెప్పేది. వాడికి చేప తల కావాలట, చెల్లెలి వంతు కూడా లాక్కుంటాడట. వింటుంటే హైమవతికి యంత్రం మీద కోపం వచ్చేది. పైగా అది అప్పుడప్పుడూ పడవలోనే ఉత్తపుణ్యానికి ఈల వేసేది. ఉప్పు పట్టిందేమోనని ఆవిడ తీగచుట్టలు మార్చి చూసింది. చదువుకున్నవాళ్ళ తీరే అంత, ముందు మరనే అనుమానిస్తారు.

ఒకనాడు ఆవిడ తీగచుట్ట తుడిచి నూకాలు కాళ్ళ దగ్గర పెట్టింది. గట్టిగా ఈల. దూరం జరిపితే ఆగింది. ఆమె మెట్టెల దగ్గరికి తెస్తే మళ్ళీ మొదలైంది. హైమవతి ఆ మెట్టెల వంక, విత్తుగా పెట్టిన ఉంగరం వంక చూసింది.

"నూకాలమ్మా, ఆ ఉంగరం మీ అబ్బాయిది కాదు."

"నాదే. నా పెళ్ళినాటిది," అంది నూకాలు తల ఎత్తకుండా. "ఎతక్కపోతే తల్లేనా అంటారు, డాక్టరమ్మా. దొరికితే నా గుంటడు లేనట్టే గదా. అందుకే, ఎతకాల, దొరక్కూడదు."

వెతికేవాళ్ళంతా దొరకాలనే వెతుకుతారని నమ్మి, ఆ నమ్మకం మీదే సగం జీవితం ధారపోసింది హైమవతి. కోప్పడాలో దండం పెట్టాలో ఆమెకి తెలియలేదు. ఇక ఆపేద్దామంది. యంత్రం చెడిపోయిందని అప్పన్నతో తానే అబద్ధం చెబుతానంది.

నూకాలు సద్దిగిన్నె మూత తీసి, మళ్ళీ పెట్టేసింది. ఆ పూట ముద్ద ముట్టలేదు. కొంగుముడి విప్పి, పసివాడి చేతికి పట్టే వెండి మురుగు తీసింది.

"ఇది ఆడిది. ఆకలికి ఒక్క పూట ఆగలేడమ్మా ఆడు. ఒకేళ ఆల్లయ్య సెప్పిందే నిజమైతే..."

హైమవతి ఉంగరం తీసి మురుగు అమర్చింది. చుట్టను నీళ్ళలోకి దించబోతుండగానే ఈల మొదలైంది. నీళ్ళలోంచి కాదు. పడవలోనే, ఎవరివీ కానివి పడేసే చెక్కపెట్టెలోంచి. మేకులు, విరిగిన గాలాలు, గంగమ్మకి వేసిన నాణేలు, ఎవరెవరివో మొలతాళ్ళు తోడేస్తే, అడుగున నల్లబడ్డ మొలతాడు ఇంకొకటి ఉంది, ఈల దానికే. ఎప్పుడో తొలిరోజుల్లోనే పైకి వచ్చి ఉంటుంది. శోధిని పలకలేదు కనుక పెట్టెలో పడింది. నూకాలు రోజూ కూర్చునేది ఆ పెట్టె మీదే.

ఆమె మొలతాడును రెండు చేతులా తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. యంత్రం ఆపాలన్న సంగతి హైమవతికి తోచలేదు, అది అలా ఈల వేస్తూనే ఉంది.

"నీ మీద కూకునే నా బువ్వ నేను తిన్నాన్రా, నాయినా," అంది నూకాలు. "నీకొక్క ముద్దైనా పెట్టలేదు."