మూడొందల అరవై అయిదు వత్తులు

పడవలో కూర్మనాథం లేడు!

సూరమ్మ చీకట్లో చేత్తో తడుముతుంది. చుక్కాని దగ్గర ఆ పడవవాడి చాప ఉంది. చాప మీద కప్పుకునే దుప్పటి ఉంది. మనిషి లేడు.

పడవ వెనక తాడుకి కట్టిన చిన్న తెడ్డు పడవ, సంపాన్ కూడా లేదు!

అయిపోయింది. మిలిటరీకి అమ్మేశాడు!

అయిదు రోజులుగా ఆమె భయపడుతున్నది ఇదే. రంగూన్‌కి ఎదుటి ఒడ్డున, డలాలో పడవెక్కిన క్షణం నుంచి ఇదే. కూర్మనాథం ఈల వేస్తే భయం. కిళ్లీ కొనుక్కొస్తానని ఒడ్డు దిగితే భయం. నవ్వితే మరీ భయం... ఎందుకు నవ్వాడు?

చందమామ దిగిపోయింది. తెల్లవారుజాము. చుట్టూ నీళ్లలోంచి నిటారుగా లేచిన దని అనే తాటిజాతి ఆకుల పొదలు. మనిషి అలికిడి లేదు. ఏటి నీరు పోటు మీద నిండి, ఎటూ కదలకుండా నిలబడిపోయింది.

ఆమె కుండల మధ్య పాక్కుంటూ వెళ్తుంది. పడవ నిండా ట్వంటే ఊరి కుండలే. దక్షిణాన సముద్రం ఒడ్డు పల్లెలకు అమ్మకానికి పోతున్న సరుకు. ఒరుసుకుని పగలకుండా మధ్య మధ్య అరటి బోదెలు.

అన్నిటికన్నా పెద్ద గోలెం. దాని మూత మీద వేళ్లతో కొడుతుంది.

"రాజ్యం! ఒసే రాజ్యం! బతికున్నావా?"

"ఏటమ్మా... నిద్రపోనీవా?" గోలెంలోంచి గొంతు.

"కూర్మనాథం లేడే!"

"ఏ చెట్టు చాటుకో వెళ్లుంటాడు."

"సంపాన్ ఏసుకుని ఎల్తాడేటి?"

మూత లేస్తుంది. పంతొమ్మిదేళ్ల మొహం, చెదిరిన జుట్టు. గుండెలకు హత్తుకున్న నోట్‌బుక్.

"అయిదు రోజుల్నుంచీ నన్ను ఆవకాయలా జాడీలో పెట్టావు. ఆయన్నేమో దొంగలా చూస్తున్నావు. ఆయన అమ్మాలనుకుంటే డలాలోనే అమ్మేసేవాడు కదమ్మా!"

"నోర్ముయ్! అరవకు!"

ఆ నోట్‌బుక్ మీద సూరమ్మ చూపు పడుతుంది. సెప్టెంబర్‌లో మిలిటరీ మళ్లీ గద్దెనెక్కిన వారం, వీధుల్లో పడిపోయిన పిల్లల పేర్లు. ఊరు, తండ్రి పేరు, పడిపోయిన చోటు. నూట పద్నాలుగు. అన్నీ రాజ్యం చేతి రాతే. దానికోసమే రంగూన్ సంచౌంగ్‌లో ఇల్లు సోదా చేశారు. దానికోసమే మొగుడు భీమరాజును ఇన్సేన్ జైలుకు పట్టుకుపోయారు. కూతురెక్కడో చెప్పేదాకా మొగుడు బయటికి రాడు. మొగుడు నోరు విప్పడు. విప్పకపోతే...

ఆ తరవాతది ఆమె ఆలోచించదు.

పిల్లను ఏరు సముద్రంలో కలిసే చోట చేపల పడవ ఎక్కించాలి. అది థాయ్‌లాండ్ పోతుంది. తను తిరిగి రంగూన్ రావాలి. మంగళవారాలు జైలు గేటు దగ్గర కేరేజీ ఇవ్వాలి. అంతే. ఒక్క ఆటు నీరు అందితే చాలు. ఇంకొక్క ఆటు!

చప్పుడు!

తెడ్డు నీళ్లలో పడ్డ చప్పుడు...

"దిగు! లోపలికి!" మూత పడుతుంది.

సూరమ్మ చేతికి చేపల కత్తి దొరుకుతుంది. పొదలు విడిపోతాయి. సంపాన్ ముక్కు. దాని మీద వంగిన మనిషి.

ఒక్కడేనా? వెనక ఎవరున్నారు?

"కత్తి దించప్పా," అంటాడు కూర్మనాథం, అక్కను పిలిచినట్టు మెల్లగా. "నానే."

"ఎక్కడికెళ్లావురా? ఎవరికి చెప్పొచ్చావు? ఎంతిచ్చారు?"

అతను పడవలోకి ఎగిరి దూకుతాడు. ఆమె కాళ్ల ముందు ఏదో పడేస్తాడు.

చిన్నది. తడిసింది. అరటి దొప్ప!

మధ్యలో మాడిన వత్తి. అంచున పసుపు బొట్టు, దాని మీద కుంకం.

"ఇదేటి?" సూరమ్మ దాన్ని చేతిలోకి తీసుకుంటుంది.

"నువ్వే చెప్పు."

"నా... నా దీపం."

"దారి ఎలా ఉందో కనుక్కుందామని వెనకూరు ఎల్తే కొట్టువాడు ఇచ్చాడు, రేవులో దొరికిందట. మిలిటరీ లాంచ్ వచ్చిందట. ఇలాటివి మూడు పట్టుకుని తిరుగుతున్నారట. ఎక్కడ కనిపించాయి, ఎప్పుడు కనిపించాయని అడుగుతున్నారట." కూర్మనాథం ఊపిరి పీల్చుకుంటాడు. "అయిదు రోజుల్నుంచీ తెల్లారుజామున నేను నిద్దరోతుంటే నువ్వు చేసే పని ఇదా అప్పా?"

సూరమ్మ తలూపుతుంది.

"ఈ ఏటి పొడుగునా బర్మావాళ్లు, కరెన్‌లు. వాళ్ల దీపాలు పున్నమికి. కార్తీకంలో రోజూ నీళ్లలో దీపం ఒదిలే మనిషివి నువ్వొక్కదానివే!"

తలలో ఏదో పగిలినట్టవుతుంది.

సోదాకి వచ్చిన రోజు... దీపావళి మర్నాడు. సార్జెంట్ వత్తుల బుట్ట తిరగేశాడు. ఇదేమిటన్నాడు. భయమేస్తే సూరమ్మ నోరు ఆగదు. చెప్పేసింది! అంతా చెప్పేసింది! ఈ నెలంతా తెల్లారకముందు నీళ్లలో దీపం వదలాలయ్యా... ఎక్కడున్నా మానకూడదయ్యా... మానితే కడుపున పుట్టినవాళ్లకు కీడయ్యా...

అతను నవ్వి తలూపాడు. అప్పుడెందుకు నవ్వాడో ఇప్పుడు తెలుస్తోంది.

కూర్మనాథాన్ని అనుమానించింది. కొట్టువాణ్ణి అనుమానించింది. ఒడ్డున గేదెలు తోలే ముసలమ్మను కూడా అనుమానించింది.

పట్టిచ్చింది తనే!

డుగ్... డుగ్... డుగ్... డుగ్...

ముగ్గురూ బిగుసుకుపోతారు. ఉత్తరాన. ఇంజిన్!

"లాంచే," అంటాడు కూర్మనాథం. "రెండు వంపుల అవతల."

"తెరచాప ఎత్తు!"

"గాలి చాలదు. ఆటు ఇప్పుడే మొదలవుతోంది, నీరు లాగుతుంది... కానీ ఇంజిన్‌కి మనమెంత? గంటలో పట్టేస్తారు. సముద్రం గంటన్నర."

"దారి?"

"ముందు ఏరు రెండుగా చీలుద్ది. కుడిది లోతు, మనది. ఎడమది అంతా బురద. పోటు మీదే నడుమెత్తు, ఆటు పట్టిన గంటకల్లా మోకాలెత్తు కూడా ఉండదు. దాంట్లోకి పోయిన లాంచ్ మళ్లీ పోటొచ్చేదాకా కదల్దు."

ఆమె అతన్నే చూస్తుంది. అతను ఆమెనే చూస్తాడు.

"నేనెల్తానప్పా, సంపాన్ మీద దీపాలు ఒదుల్తా ఎడమకి..."

"నువ్వెల్తే ఈ పడవ ఎవరు నడుపుతారు? మా అమ్మాయా?"

"నీకు తెడ్డు..."

"పెళ్లికి ముందు ఏడేళ్లు డలా నుంచి రంగూన్ చౌక్తడా రేవుకి అట్ల బుట్ట పెట్టుకుని నేనే ఏసుకొచ్చేదాన్ని! ఆ పెద్ద నదిలో! నాకు చెప్తావేటి?"

గోలెం మూత ధన్‌మని పక్కకు పడుతుంది.

"అమ్మా, వద్దు!"

"నోర్ముయ్! నీ ఎర్ర శాలువా ఇలాగియ్యి!"

టైం లేదు. దేనికీ టైం లేదు. కూర్మనాథం మనిషి సైజు కుండ ఒకటి సంపాన్‌లోకి దించుతాడు. దాని మూతికి శాలువా ముసుగు. చీకట్లో అది వంగి కూర్చున్న ఆడపిల్ల. సూరమ్మ అరటి బోదెలు చీలుస్తుంది. దొప్పలు... పది... ఇరవై... చేతులు వాటంతటవే పనిచేస్తున్నాయి.

వత్తులు?

రోజువారీ వత్తులు నాలుగే మిగిలాయి. చాలవు!

మూటలో అడుగున, నేతిలో నానబెట్టిన లావుపాటి కట్ట. మూడొందల అరవై అయిదు. సంవత్సరంలో ఎన్ని రోజులో అన్ని. పున్నమినాడు ఒక్కసారే వెలిగించాలి. పున్నమి ఇంకా మూడు రోజులుంది. ముందే వెలిగిస్తే...

డుగ్ డుగ్ డుగ్ డుగ్!

ఆమె కట్టను పళ్లతో తెంపుతుంది.

"కూర్మనాథం! పిల్ల ఎక్కినట్టు నాకెలా తెలుస్తుంది?"

"చేపల పడవోళ్ల దగ్గర తుపాకీ ఉంది. మనిషి ఎక్కగానే పేలుస్తారు. ఒక్క దెబ్బయితే మనది. ఆగకుండా పేలితే... మిలిటరీది."

"ఏ చప్పుడు వినబడ్డా వెనక్కి రాకండి! దీన్ని రానివ్వకు!"

రాజ్యం ఆమె చెయ్యి పట్టుకుంటుంది. వదలదు. సూరమ్మ ఒక్కో వేలూ విడదీస్తుంది. చంటిపిల్లప్పుడు జడ పట్టుకుంటే విడదీసినట్టు.

"తలకి నూనె రాసుకో. జలుబు చేస్తే అల్లం తిను," అంటుంది. ఇంకేం గుర్తు రాదు.

సంపాన్ కదులుతుంది.

చీలిక. పెద్ద పడవ నల్లగా కుడికి జారిపోతుంది. దీపం లేదు, మాట లేదు. తెరచాప ఒక్క క్షణం ఆకాశాన్ని కప్పి మాయమవుతుంది. సూరమ్మ ఎడమకి తిప్పుతుంది.

అగ్గిపుల్ల. గీస్తుంది... వెలగదు. రెండోది... తడి! మూడోది విరిగిపోతుంది!

అమ్మో... అమ్మో... అమ్మో...

నాలుగోది భగ్గుమంటుంది!

దొప్ప. వత్తి. మంట. నీళ్లలోకి. ఇంకోటి. ఇంకోటి. ఆటు నీరు దీపాల్ని ఎడమ ఏట్లోకి లాగేస్తోంది. ఇరవై దీపాలు ఒకదాని వెనక ఒకటి... ఇరుకు ఏరంతా వెలుగు. ఆమె తెడ్డు వేస్తుంది. భుజాలు మండుతున్నాయి. ఎదురుగా ఎర్ర శాలువా కప్పుకున్న కుండ. దాంతో మాట్లాడుతుంది.

"భయపడకే. నేనున్నాను కదా."

తనకే నవ్వొస్తుంది. ఈ ఏట్లో ఈ గంటలో ఆమెకు తోడు కుండ ఒక్కటే.

ఇంజిన్ చీలిక దగ్గర ఆగుతుంది.

సూరమ్మ చెవులు రిక్కిస్తుంది. కుడికా? ఎడమకా?

ఒక్క సెకను... రెండు... మూడు...

డుగ్ డుగ్ డుగ్! చప్పుడు పెద్దదవుతోంది! ఎడమకే!

సర్చ్‌లైట్ వెలుగు నీళ్ల మీద పాకుతూ వస్తుంది. దీపాల మీద నుంచి... పొదల మీద నుంచి... ఆమె వీపు మీదికి!

"ఏయ్! కలామా!"

ఇండియా ఆడవాళ్లను వీధుల్లో ఈసడించే మాట. ఆ గొంతు ఆమెకు తెలుసు. ఇంట్లో వత్తులు తిరగేసిన గొంతే!

"ఆపు! ఇద్దరూ చేతులెత్తండి!"

ఇద్దరూ! ఇద్దరనుకున్నాడు!

ఆమె తెడ్డు ఆపదు. సంపాన్ కింద బురద రాసుకుంటోంది. లాంచ్ ఇంకా దగ్గరకొస్తుంది. ఇంకా... ఇంకా రా నాయనా... ఇంకొంచెం...

గర్ర్‌మని చప్పుడు! లాంచ్ ఒక్కసారిగా ముందుకు తూలి నిలబడిపోతుంది. ఇంజిన్ అరుస్తుంది. వెనక బురద ఫౌంటెన్‌లా లేస్తుంది. కదలదు!

ఎవరో తిడతారు. ఎవరో నీళ్లలో దూకి నడుము దాకా కూరుకుపోయి, అమ్మో అని అరుస్తారు.

"పిల్లను కాలుస్తాను!" అని కేకేసి సార్జెంట్ తుపాకీ ఎత్తుతాడు.

ఢాం!!

ఎర్ర శాలువా ఎగిరిపడుతుంది. తల ఉండాల్సిన చోట పెంకులు!

కుండే. కుండేనని తెలుసు. అయినా సూరమ్మ గొంతులోంచి వచ్చిన కేకకు పొదల్లో కొంగలన్నీ లేస్తాయి.

తలకే కొట్టారు! నూనె రాసుకోమన్న ఆ తలకే!

గుండు కుండను దాటి అడుగు చెక్కను చీల్చింది. నీరు బుసబుసా ఎక్కుతోంది. సంపాన్ ఒరిగిపోతుంది. ఆమె మోకాళ్ల దాకా బురదలో నిలబడుతుంది. మంచిదే. వాళ్లకు పనికొచ్చే పడవ ఇంకొకటి లేదు.

ఇంతలో ఇంకో ఆలోచన... ఆ దెబ్బ రాజ్యం వినే ఉంటుంది. ఒక్క దెబ్బ. అమ్మ పోయిందనుకుంటుంది. కాదని చెప్పే దారి లేదు.

సార్జెంట్ బురదలో ఈడ్చుకుంటూ వస్తాడు. శాలువా ఎత్తుతాడు. పెంకు ఒకటి చేతిలోకి తీసుకుని చూస్తాడు. మొహం నల్లబడుతుంది. తుపాకీ గొట్టం ఆమె నుదుటికి తగులుతుంది. ఇంకా వెచ్చగా ఉంది.

"నీ కూతురెక్కడ?"

సూరమ్మ నోరు తెరుస్తుంది. భయమేస్తే ఆమె నోరు ఆగదు. ఈసారి ఆపదలుచుకోలేదు కూడా.

"చెప్తాను సార్. అంతా చెప్తాను. ముందు ఈ వత్తుల సంగతి చెప్పాలి. పత్తి గింజలు తీసి, ఒళ్లో వేసుకుని, తడి వేలితో తిప్పాలి. రోజుకో వత్తి సార్. పున్నమికి అన్నీ కలిపి..."

"కూతురు!"

"అక్కడికే వస్తున్నాను సార్. నెయ్యి ఆవుదే కావాలి. రంగూన్‌లో మంచి నెయ్యి ఎక్కడ దొరుకుద్ది సార్ ఈ రోజుల్లో..."

చెంప మీద దెబ్బ పడుతుంది. పెదవి చిట్లుతుంది. ఆమె ఆపదు. తూర్పున బూడిద రంగు వెలుగు. ఏట్లో నీరు పూర్తిగా తీసేసింది. లాంచ్ ఒక పక్కకు ఒరిగి, ఒడ్డున పడ్డ చేపలా ఉంది. దీపాలన్నీ బురద మీద ఆగిపోయాయి. ఒకటి రెండు ఇంకా వెలుగుతున్నాయి.

చెప్పాల్సిన మాటలు అయిపోతున్నాయి.

గంటన్నర దాటింది. దాటలేదా? చేపల పడవ వచ్చిందా? రాలేదేమో. వచ్చి వెళ్లిపోయిందేమో. కూర్మనాథం... లేదు, కూర్మనాథాన్ని ఇంకేం అనకూడదు. పాపం, అంత దూరం అరటి దొప్ప పట్టుకుని వెనక్కొచ్చినవాడు.

సార్జెంట్ తుపాకీ మీట వెనక్కి లాగుతాడు. క్లిక్‌మంటుంది.

"ఆఖరిసారి అడుగుతున్నాను. ఏ ఏరు?"

సూరమ్మ కళ్లు మూసుకుంటుంది.

ఢాం!

నుదుటి మీద గొట్టం అలాగే ఉంది. చల్లగా.

అది ఇక్కడిది కాదు! దూరం... దక్షిణం... సముద్రం వైపు!

సార్జెంట్ చటుక్కున అటు తిరుగుతాడు. సూరమ్మ కళ్లు తెరవదు. ఆమె ప్రాణమంతా చెవుల్లోకి వచ్చేసింది. రెండోదాని కోసం వింటుంది. బతుకంతా ఇలాగే, రాబోయే రెండో దెబ్బకు భయపడుతూనే విన్నది ఆమె.

ఆటు నీరు బురదలోంచి జారుతున్న చప్పుడు.

కొంగ రెక్కల చప్పుడు.

రెండోది లేదు.