హార్మోనియం ఆగిన చోట

మదనపల్లెలో బీమా కార్యాలయ ఉద్యోగి నాగేంద్రకు తొలిచూపు ప్రేమ మీద నమ్మకం లేదు. అతడు నమ్మేది ఒక పాత సినిమా నటుడి మౌనాన్ని. కొడుకు మరణవార్త విన్న రాజుగా ఆ నటుడు, పలకవలసిన చోట పలకక, తల వంచి నిలబడిపోతాడు. ఆ సన్నివేశాన్నే నాగేంద్ర వేదికల మీద ఏకపాత్రాభినయంగా ప్రదర్శిస్తుంటాడు.

పుంగనూరులో అతడికి హార్మోనియం వాయించడానికి కొత్తగా వచ్చింది తేజస్విని. నాటకాలకు వాయించిన తండ్రి గోవిందస్వామికి వేళ్ళు బిగుసుకుపోవడంతో పెట్టె ఆమె చేతికి వచ్చింది. నటుడి నోరు ఆగితే హార్మోనియం అందుకోవాలన్నది ఆయన నేర్పిన మొదటి పాఠం. అందుకే రాజు మౌనం వహించగానే ఆమె హుషారైన వరస ఒకటి ఎత్తుకుంది. జనం ఘొల్లుమన్నారు.

తెర వెనుక నాగేంద్ర నిలదీశాడు. "నేను మరిచిపోలేదమ్మా. ఆ మౌనమే నటన."

"మరిచిపోకుంటే నా పక్క యాల సూస్తివప్పా? దిక్కు తెలీకుండా సూస్తాంటివి, అందుకే వాయించినా."

నాగేంద్ర కిరీటం తీసి సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

నవ్వులపాలయ్యాక ఇక వాయించనని ఆమె పెట్టెకు గుడ్డ చుట్టేసిందని తర్వాత తెలిసింది. తన మూలంగా ఒక మనిషి సంగీతం ఆగిపోవడం అతడికి మింగుడుపడలేదు. ఆ సినిమా దృశ్యాన్ని ఆమె ఫోనుకు పంపి, కుప్పం పోటీలో తనకు వాయించమని వేడుకున్నాడు. దృశ్యం చూశాక ఆమే ఫోను చేసింది.

"మీ హీరో నేల సూస్తాండాడు, ఎవురి సాయమూ అడగల్యా. నువ్వూ నేలే సూడు. నా పక్క తిరిగినావంటే మరిచిపోయినట్టే, వాయించేస్తా. ఈసారి గూడా నవ్వినారంటే పెట్టె అమ్మేస్తా."

కుప్పంలో పోటీ వేళకు వాన పట్టుకుంది. రాజు తల వంచాడు. సభలో రేకుల మీది వాన చప్పుడు తప్ప మరేమీ లేదు. అప్పుడు, నేల మీద నిలవవలసిన అతడి చూపు, ఒప్పందం గుర్తుండి కూడా, ఆమె వైపు తిరిగింది.

వాయించమని, కూతురి వెంట వచ్చి పక్కనే కూర్చున్న గోవిందస్వామి గుసగుసలాడాడు. హార్మోనియం మెట్ల మీది ఆమె వేళ్ళు కదలలేదు. రాజు తిరిగి నోరు విప్పిన తర్వాతే, ఆ గొంతు కింద ఒక్క మంద్రస్వరం మెల్లగా చేరింది.

చప్పట్లు ఆలస్యంగా వచ్చాయి. ఆగడానికి ఇంకా ఆలస్యమైంది.

"నీ పక్క సూసినా గదా, వాయించలేదేం?" తెర వెనుక నాగేంద్ర అడిగాడు.

"మరిచిపోయినోళ్ళ సూపు ఎట్లుంటాదో నాకు ఎరికే. అది కాదది." ఆమె తల ఎత్తకుండా పెట్టె మూత బిగించింది. "పుంగనూర్లో గూడా కాదేమో. ఆ పొద్దు నాకు తెలీలేదు."

"నాకూ తెలీలేదు," అన్నాడతడు.

ఇద్దరినీ కాసేపు చూసిన గోవిందస్వామి పెట్టెను నాగేంద్ర వైపు జరిపాడు. "ఎత్తుకోప్పా. ఇంక మా ఇంటిదాకా మోసేది నువ్వే."

వానలో తేజస్విని గొడుగు పట్టింది, పెట్టె తడవకూడదంటూ. బస్టాండు చేరేసరికి పెట్టె మూత తడిసిపోయింది. నాగేంద్ర తల మాత్రం పొడిగానే ఉంది.