తొమ్మిది కేబీల డ్యూటీ చార్టు

శాస్త్రవేత్త డాక్టర్ రుక్మాంగద ఫైళ్లు కుదించడానికి కనిపెట్టిన యంత్రం నలభై జీబీల ఫైలును నములుతూ పదకొండో నిమిషంలోకి వచ్చింది. సీలేటిపాలెం బస్ డిపోలో డ్యూటీ క్లర్కు దమయంతి స్క్రీన్ కేసి చూస్తూ కూర్చుంది. డాక్టరు నిలబడే ఉన్నారు.

ఆ ఫైలు ఒక మాక్రో. రోజూ మనిషి చేసే పనిని వరుసలుగా రాసిపెడితే, ఆ పని కంప్యూటరే చేసేస్తుంది. సొంతంగా నేర్చుకున్నవాణ్ణి కనుక ఈ మాట అర్థం కావడానికి నాకు మూడు వారాలు పట్టింది. మీకు ఒక్క వాక్యం చాలు. డిపోలో డ్రైవర్లకు డ్యూటీలు వేసేది ఆ మాక్రోనే. డెబ్బై ఏళ్లలో పద్నాలుగు మంది క్లర్కులు దాన్ని దిద్దారు. ముందువాళ్లు రాసింది చెరపడం మర్యాద కాదని, పాత వరుస ముందు చిన్న గుర్తు పెట్టి వదిలేసేవారు. గుర్తున్న వరుసను కంప్యూటర్ చదవదు, మనుషులు చదువుకుంటారు. దాన్ని కామెంటు అంటారు. అవన్నీ పేరుకుపోయి, ఫైలు తెరుచుకోవడానికి రెండు గంటలు పట్టేది.

డాక్టరు గారి యంత్రం పద్ధతి సులువు. ఒక వరుస తీసి చూస్తుంది. చార్టు మారకపోతే ఆ వరుస ఇక ఉండదు.

"తొమ్మిది కేబీ," అన్నారు డాక్టరు. చార్టు అరసెకనులో గోడ మీద వెలిగింది.

అప్పటికి బస్సులు వాటంతటవే నడుస్తున్నాయి. ఘాట్ రోడ్డు మీద మాత్రం స్టీరింగు దగ్గర మనిషి ఉండాలని చట్టం. కాసేపటికి డ్రైవర్ అప్పలసూరి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"నాకు ఘాట్ పడిందేటమ్మా?"

దమయంతి నాలుక కరుచుకుంది. ఏడేళ్ల కిందట ఘాట్ ఏడో మలుపులో అప్పలసూరి బస్సు రెయిలింగ్ ఎక్కి ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ అక్కడికి వెళితే అతని చేతులు బిగుసుకుపోతాయి. పై ఆఫీసుకు తెలిస్తే ఉద్యోగం ఉండదు. అందుకని పాత క్లర్కు ఒక కామెంటు రాశాడు: 'అప్పలసూరికి ఘాట్ వద్దు. ఎందుకని అడగొద్దు.' అది చూసి దమయంతి రోజూ అతని పేరు చేత్తో బజారు రూటుకు మార్చేది.

"చేత్తో మార్చే బటన్ ఏదండీ?"

"అది లేకపోయినా చార్టు మారలేదమ్మా. తీసేసింది."

"పాత ఫైలు?"

"దాని మీదే సేవ్ చేశాను."

దమయంతి కామెంటు మళ్లీ టైపు చేసింది. యంత్రం మళ్లీ తీసేసింది. ఈసారి కంప్యూటర్ చదివేలాగే రాసింది: అప్పలసూరి అయితే, ఘాట్ కాదు. యంత్రం కాసేపు ఆలోచించి ఇంకో రెండు వరుసలు తగ్గించింది.

"నా పేరు కనబడదేటి?" అన్నాడు అప్పలసూరి.

డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "బజారు బస్సుకు డ్రైవరు అక్కర్లేదు కదా. ఘాట్‌కు వెళ్లని డ్రైవరు లేకపోయినా... అంటే, యంత్రం తప్పు చేయలేదు."

"తప్పని ఎవరన్నారు? మనిషి పోయాడు, అంతే," అంది దమయంతి.

"నన్నూ పిండీసినారన్నమాట," అన్నాడు అప్పలసూరి.

దమయంతి తను రాసిన వరుస తీసేస్తే పేరు తిరిగొచ్చింది. దానితోపాటే ఘాట్ మొదటి ట్రిప్పు కూడా. అప్పలసూరి ఏడో మలుపు సంగతి ఎత్తాడు.

"ఒకపాలి కండక్టరు పక్కన కూకొని ఆపకుండా వాగతా ఉంటే, ఆ మలుపు ఎప్పుడు దాటీసినానో నాకే తెల్దు. ఇప్పుడు బస్సుల్లో కండక్టర్లే నేరు కదా."

దమయంతి డాక్టరు వైపు చూసింది. అప్పలసూరీ చూశాడు.

"నేనా? ఏం మాట్లాడాలి?"

"ఏదైనా సరే బాబూ. మద్దిలో మాత్రం ఆపకండి."

"నా యంత్రం సంగతి చెప్పనా?"

"సెప్పండి. ఎంత పొడుగుంటే అంత మంచిది."

బస్సు ఏడో మలుపు దాటేసరికి డాక్టరు ఇంకా తన బాల్యంలోనే ఉన్నారు.

ఇప్పుడు ఫైలు అరసెకనులో తెరుచుకుంటుంది. అప్పలసూరికి ఘాట్ పడిన ప్రతి ఉదయం డాక్టర్ రుక్మాంగద పరిశోధనలు పక్కన పెట్టి, మొదటి ట్రిప్పులో ముందు సీట్లో కూర్చుంటారు. ఎప్పుడైనా సంగ్రహంగా చెప్పబోతే అప్పలసూరి ఊరుకోడు.