చేపల పెట్టెల్లో బంతి నారు

దేవి వీధి అరుగు మీద కూర్చుని ఎండు మెత్తళ్ల తలలు తుంచుతోంది. తలలు ఒక పక్కకి, మిగిలిన చేప చేటలోకి. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. చెవి మాత్రం వీధి మలుపు దగ్గరుంది.

వచ్చింది. ముందు స్పీకరు గొంతు, వెనకాల ఆటో.

"రోజా మొక్కలూ... మందారాలూ... కనకాంబరాలూ... సవకమ్మా సవక!"

భోగాపురం దాటి సముద్రం వైపున్న ఆ ఊళ్లోకి శనివారం శనివారం వచ్చే మొక్కల ఆటో అది. నడిపేది వెంకీ. శృంగవరపుకోట దగ్గర కొండ కింద వాళ్లమ్మ మొక్కలు పెంచుతుంది. అతను ఊరూరా తిప్పి అమ్ముతాడు. స్పీకర్లో గొంతు కూడా అతనిదే.

దేవి లేచి, పిట్టగోడ మీద నుంచి ఒక తెల్లటి థర్మాకోల్ పెట్టె దించి ఆటో ముందు పెట్టింది. ఐసు వేసి చేపలు సర్దే పెట్టె అది. అంచులు విరిగిన పెట్టెల్ని తల్లి బుల్లమ్మ పారేస్తే, దేవి కడిగి, అడుగున చిల్లులు పొడిచి, మట్టి నింపి గోడ పొడుగునా పేర్చుకుంది. కుండీల ఖర్చు తప్పింది. మొక్కలే నిలవడం లేదు.

"ఇది సూడండి," అంది.

"ఏటిది?"

"పోయిన వారం మీరిచ్చిన సామంతి."

"మా సామంతి ఇలగుండదే! బొద్దుగా ఉంటాది."

"మా ఇంటికొచ్చి సిక్కిపోనాది."

అంతలో లోపలి నుంచి బుల్లమ్మ అందుకుంది. ఎండుచేపలు అమ్మే మనిషి. ఇంట్లో మాట్లాడినా సంతలో మాట్లాడినట్టే ఉంటుంది.

"ఒరే అబ్బీ! ఏర్లు నేని మొక్కలు మా పిల్లకి అంటగడతన్నావేట్రా?"

"ఏర్లు నేకపోతే మీసం తీసేస్తానమా!"

"ఉన్నాదేటి, తీయడానికి?" అంది దేవి, నెమ్మదిగా.

వెంకీ చెయ్యి దానంతట అదే పైపెదవి మీదికి వెళ్లింది. తర్వాత నవ్వేశాడు. దేవి నవ్వలేదు గానీ, నవ్వు ఆపుకోవడానికి మొక్కల వైపు తిరగాల్సి వచ్చింది.

అంటు గులాబీ మీద ఆమె చూపు ఆగడం అతను చూశాడు. ధర అడక్కుండానే ఆ చూపు పక్కకి తప్పుకోవడం కూడా చూశాడు.

"గులాబీ వొద్దులెండి. ఖర్సెక్కువ, ఈ గాలికి ఆగదు. బిళ్లగన్నేరు ఎట్టండి. ఇసకలోనైనా బతుకుతాది."

"రోడ్డు పక్కన ఊరికే మొలిసేదాన్ని కొనుక్కోవాలా?"

"అయితే కొనకండి. ఒక కొమ్మ తెచ్చి గుచ్చండి."

"ఇలగైతే మీకు యాపారం ఎలగవుతాది?"

"మా అమ్మా అదే అడుగుతాది."

ఆ వారం చామంతికి బదులు ఇంకో చామంతి ఊరికే ఇచ్చి వెళ్లాడు. అదీ పోయింది. తర్వాత కనకాంబరం. అదీ నిలవలేదు. మొక్క పోయినప్పుడల్లా ఆటో ఆ ఇంటి ముందు ఇంకాస్త ఎక్కువసేపు ఆగేది. బుల్లమ్మ గుమ్మంలో నిలబడి అతని వంశమంతా ఆరా తీసింది. వాళ్లమ్మ పుట్టిల్లు ఆ తీరంలోనే ఉన్న కోనాడ అని తేలింది.

"కోనాడ పిల్లేటి! మనోళ్లే అయితే. మరి మనోళ్లకా ఏర్లు నేని మొక్కలు అమ్ముతావు?"

వేర్లు లేని మొక్కలన్న మాట ఇంటితో ఆగలేదు. బుల్లమ్మ నోట పడ్డాక ఏ మాటా ఆగదు. ఎదురింటి జగ్గమ్మ కొనడం మానేసింది. వీధిలో మిగతావాళ్లూ మానేశారు.

ఆ శనివారం వెంకీ ముఖంలో నవ్వు లేదు. బంతి నారు తెచ్చి దేవి చేతిలో పెట్టాడు.

"మా అమ్మ ఏరి పంపినాది. 'ఇది కూడా బతక్కపోతే ఆ ఈది మానీ' అన్నాది. ఈడ ఎవులూ కొనట్లేదు దేవిగారూ. ఇది పోతే నాను మరి రాను."

దేవికి మాటలు ఆలస్యంగా వస్తాయి. అతని ఆటో మలుపు తిరిగాక వచ్చాయి. అప్పుడెవరికి చెప్పాలి?

మాట్లాడడం రాకపోయినా చూడడం వచ్చు. రోజూ పెట్టెల దగ్గర కూర్చుని చూసింది. తను నీళ్లు పోయకముందే మట్టి తడిగా ఉంటోంది. ఆరాక పైన తెల్లటి పొర కడుతోంది.

శుక్రవారం తెల్లవారుతుండగా తలుపు పక్కన నిలబడి చూసింది. సంతకి బయల్దేరబోతూ బుల్లమ్మ ఒక గిన్నెతో పెట్టెల దగ్గరికొచ్చింది. ఒక్కో మొక్క మొదట్లో పోస్తోంది, పసిపిల్లలకి పాలు పట్టినంత జాగ్రత్తగా.

"తాగండమ్మా, తాగండి. మా పిల్ల జడలోకి పుయ్యాలి మీరు."

చేపలు కడిగిన నీళ్లు పోస్తే మొక్క విరగబూస్తుందని ఆ తీరంలో అందరికీ తెలుసు. అది పచ్చిచేపల సంగతి. బుల్లమ్మ పోస్తున్నది ఉప్పుచేపలు నానబెట్టిన నీళ్లు. ఆవిడకి రెండూ చేపనీళ్లే.

తల్లి వెళ్లాక బిందెలకొద్దీ మంచినీళ్లు పోసి మట్టిని కడిగింది. అమ్మకి ఎలా చెప్పాలా అని ఆలోచిస్తుండగానే శనివారం వచ్చేసింది.

ఈసారి ఆటోలో స్పీకరు మోగలేదు. వెంకీ దిగలేదు. తలలు వాల్చేసిన బంతి నారు వైపు చూశాడు.

"సరే. మా అమ్మకి సెప్పేస్తాను," అని తాళం తిప్పాడు.

"నాను సెప్పనేదా!" లోపలి నుంచి బుల్లమ్మ మొదలుపెట్టింది. "ఏర్లు నేని..."

"ఆగండి!" అంది దేవి. ఆమె అంత గట్టిగా మాట్లాడగా ఆ వీధి ఎప్పుడూ వినలేదు. "మొక్కల్లో తప్పు నేదు. ఉప్పుసేపల నీళ్లు పోసినందుకు సచ్చిపోనాయి. అన్నీ అలగే పోనాయి."

"ఎవులు పోసినారు?"

"నానే."

లోపల గిన్నె చప్పుడైంది.

వెంకీ ఆటో దిగాడు. ముఖం ఎర్రబడింది. "తెలిసే పోసినారా? మా అమ్మ మొక్కల్ని ఈదంతా ఎన్ని మాటలన్నాదో మీకు తెల్దా? ఏటికి పోసినారు?"

అమ్మ పేరు బయటికి రాకూడదన్నంత వరకే దేవి ఆలోచించుకుంది. ఆ తర్వాత ఏం చెప్పాలో సిద్ధం చేసుకోలేదు. నోటికి అందిన మాట అనేసింది.

"మొక్కలు బతికితే మీరు మా ఇంటికి మరి రారు కదా."

అన్నాక తెలిసింది. పోసింది తనే అన్నది అబద్ధం. ఇది మాత్రం కాదు.

వెంకీ కోపం ఎటు పోవాలో తెలియక ముఖం మీదే కాసేపు తిరిగింది. చివరికి బుర్ర గోక్కున్నాడు.

"అందుకని సంపేస్తారా? బతికున్నా వస్తాను కదా."

"ఏటని వస్తారు?"

"ఎరువెయ్యడానికొస్తాను. పురుగు పట్టిందేమో సూడ్డానికొస్తాను. అదీ అయిపోతే... మా అమ్మని తీసుకొస్తాను."

"ఆవిడెందుకు?"

"మొక్కలు సూడ్డానికైతే కాదు."

దేవి తల వంచుకుంది. ఈసారి నవ్వు దాచుకోవడానికి ఎటూ తిరగలేదు. "ఈదిలో అందరికీ నానే సెప్తాను," అంది, "మీ అమ్మగారి మొక్కలు మంచివేనని."

అప్పుడు చూశారు ఇద్దరూ. బుల్లమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. చేతిలో గిన్నె, గిన్నెలో నానుతున్న చేపలు.

"అత్తా..." అన్నాడు వెంకీ. పోయిన వారం దాకా అమా అని పిలిచిన మనిషి.

బుల్లమ్మ గిన్నెలోకి చూసింది. గోడ మీది పెట్టెల వైపు చూసింది. కూతురి ముఖంలోకి చాలాసేపు చూసింది. గిన్నె కింద పెట్టి, తడిచేతులు కొంగుకి తుడుచుకుంది.

పెళ్లికాని కూతుర్ని ఒక కుర్రాడి ఎదుట ఒంటరిగా వదిలి ఆవిడ ఎన్నడూ గడప దాటలేదు. ఇప్పుడు చెప్పులు వేసుకుని, ఇద్దరి మధ్య నుంచి నడిచి, చేపల తట్టయినా తీసుకోకుండా, ఒక్క మాటా అనకుండా వీధిలోకి వెళ్లిపోయింది.