మిమ్మల్ని చూసి చాలా రోజులైంది

పొద్దున్నే కళ్లజోళ్ల కొట్టుకి బయల్దేరే ముందు నాన్న తప్పకుండా చేసే పని ఒకటుంది. అమ్మ ఫోన్‌ని చార్జింగ్‌లోంచి తీసి, పంచె కొంగుతో తుడిచి అలమరలో పెట్టడం. అమ్మ పోయి ఏడాది దాటినా ఆ ఫోన్ ఒక్కపూట కూడా పస్తు పడుకోలేదు. ఆ రోజు తుడుస్తుండగానే మెయిల్ వచ్చి టింగుమంది.

"మిమ్మల్ని చూసి చాలా రోజులైంది. కళ్లెలా ఉన్నాయి? వీలు చూసుకుని ఒకసారి రండి. మీ కుర్చీ అలాగే ఉంది."

కింద తమ కొట్టు పేరే ఉంది. నాన్న ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వెళ్లాడు. అక్కడ కూతురు టీ వడపోస్తోంది. కొట్టుకి మనుషులు రావడం తగ్గిపోయింది. ఈ మెయిళ్లతోనైనా పాతవాళ్లు తిరిగొస్తారని, కొట్టు నిలబడుతుందని ఆ పిల్ల ఆశ.

"ఏంటమ్మా ఇది?"

"పాత కస్టమర్లందరికీ పంపాను నాన్నా."

"అందరిలో మీ అమ్మ కూడా ఒకతా? పోయిన మనిషిని బేరానికి పిలుస్తావా? ఈ మెయిళ్లూ వద్దు, ఆ కొట్టూ వద్దు. ఇవాళే తాళం వేసేస్తాను."

నాన్న గొంతు పెంచగా ఆమె ఎన్నడూ వినలేదు. టీ గిన్నె పక్కన పెట్టేసింది.

"పొరపాటున వెళ్లలేదు నాన్నా. తెలిసే పంపాను. మొదటిసారి రాసినప్పుడు అమ్మకి చూపించాను. 'భారీ తగ్గింపు, త్వరపడండి' అని రాశాలే. అమ్మ పకపకా నవ్వి, 'ఊరందరికీ అరిచి చెబితే ఎవరూ వినరే పిచ్చిదానా. ఒక్క మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని రాయి' అంది."

అమ్మ బేరం అలాగే ఉండేది మరి. ఖరీదైన ఫ్రేము పెట్టుకుని అద్దంలో మురిసిపోతున్న కుర్రాడితో, "బాబూ, అందులో గుడ్లగూబలా ఉన్నావు, తీసెయ్" అని మొహం మీదే అనేసేది. చవకది చేతిలో పెట్టేది. నాన్న తల పట్టుకునేవాడు. తర్వాత ఆ కుర్రాడే పెళ్లాన్నీ అత్తగారినీ వెంటబెట్టుకుని వచ్చేవాడు. ఆ రోజుల్లో కొట్టంతా నవ్వులే.

"అప్పట్నుంచీ ముందు అమ్మ ఫోన్‌కి పంపి, అమ్మ చదివి సరే అన్నాకే మిగతావాళ్లకి పంపేదాన్ని. అమ్మ పోయాక రాయడానికి చెయ్యాడలేదు. ఎవర్ని కూర్చోబెట్టుకోను? నిన్న మళ్లీ అమ్మనే కూర్చోబెట్టుకున్నాను. ఆ నాలుగు ముక్కలూ వచ్చాయి. అవి అమ్మకి పంపకుండా ఇంకెవరికీ పంపబుద్ధి కాలేదు నాన్నా." ఆమెకి ఏడుపు ఆగలేదు.

నాన్న మళ్లీ మొదట్నుంచీ చదివాడు. ఏడాదిగా తను అనుకుంటూ ఎవరితోనూ అనలేకపోయిన మాటలే అవి. కోపం ఎటు పోయిందో తెలియలేదు. కళ్లు మసకబారాయి.

ఇంతలో జేబులో ఆయన ఫోన్ మోగింది. రిటైరైన లెక్కల మాస్టారు.

"మీ మెయిల్ చూశానండీ. ఎవరో నాకోసమే కూర్చుని రాసినట్టుంది. ఇవాళ కొట్టు తీస్తారా?"

నాన్న కూతురి వైపు చూశాడు.

"తీస్తాం మాస్టారూ. రండి."

ఆమె కళ్లు తుడుచుకుంది. "అమ్మ పేరు లిస్టులోంచి తీసేస్తాలే నాన్నా."

"తియ్యకమ్మా. ఇకమీదట కూడా ముందు అమ్మకే పంపు. నేను చదువుతాను. మీ అమ్మంత బాగా తిట్టడం నాకు రాదు గానీ, నేర్చుకుంటాను."