వానలో వేసిన అతుకు

వాన అంటే భీమేష్‌కు మహా చిన్నచూపు. ఏండ్లకేండ్లు దుబాయిలో ఇనుము అతికించి వచ్చిన దొరకు ఎల్లారెడ్డి ముసురు ఒక లెక్కా? ఊరి బయట లేస్తున్న ఫంక్షన్ హాలు కప్పుకు ఇనుప దూలాలు అతికించే పని అతనిదే. వచ్చే వారం ఆ కప్పు కిందే ఎవరిదో పెండ్లి.

"అన్నా, వెల్డింగ్ రాడ్లు తడిసినయ్. వాన ఆగినంక ఎండబెట్టి చేద్దాం," అన్నాడు తోడు పనివాడు నగేశ్.

"ఎండబెట్టనీకి అవేమన్న వడియాలారా? వానకు భయపడేటోనివి గొడుగులు అమ్ముకో పో."

తడి రాడ్డు చిటపటలాడింది. అతుకు మీద పెచ్చుకట్టిన చిట్టెం సుత్తితో రాలగొట్టి చూస్తే, నిండా సూది బెజ్జాలు. భీమేష్ పెదవి విరిచి, పైన ఎర్రరంగు పూసేశాడు. బొట్టు పెడితే రాయి కూడా దేవుడేనని అతని ధీమా. బంతిలో కూర్చున్నవాళ్లు విస్తరి చూస్తారు గానీ కప్పు చూస్తారా? రేపు అది ఎవరి నెత్తిన పడితే ఇతనికేం? సిగ్గులేని జన్మ.

సాయంత్రానికే మబ్బు పట్టి చీకటైంది. కరెంటు పోయింది. నగేశ్ చాయ్‌కి దిగిపోయాడు. దూలాల కింద కట్టిన మంచె మీద భీమేష్ ఒక్కడే మిగిలాడు. తడి సిమెంటు వాసన, కాలిన రాడ్డు కంపు ముక్కుకు కొడుతున్నాయి.

టక్.

అవతలి దూలం దగ్గర ఎవరో సుత్తితో చిట్టెం కొడుతున్నారు.

"నగేశూ... నువ్వేనారా?"

టక్... టక్... ఆగింది. తర్వాతి అతుకు దగ్గర మొదలైంది.

ఫోన్ లైటు వేశాడు. మనిషి లేడు. అతుకు మీది రంగు ఒలిచి ఉంది. పక్కన సుద్దతో అడ్డంగా గీసిన గుర్తు. చుట్టూ వాన కారుతున్నా ఆ గీత తడవలేదు. దుబాయిలో ఫోర్‌మన్ పాడు అతుకుల మీద పెట్టే గుర్తే అది. కోసి పారెయ్యమని అర్థం.

ఇంకో అతుకు. ఇంకో గుర్తు. ఒక్కటీ వదల్లేదు.

"ఇది గూడ పనికిరాదు..." చెవి పక్కనే ఎవరో గొణిగారు.

చల్లటి ఇనుము మెడ వెనక తాకింది. టక్. మెల్లగా... పరీక్షగా.

దుబాయి దొర ఎలా దిగాడో ఏమో, చెప్పులు వదిలేసి చాయ్ హోటల్లోకి వచ్చి పడ్డాడు. నగేశ్ తువ్వాల అందించబోయి ఆగిపోయాడు.

"అన్నా, మెడకు ఏందది? సుద్దనా?"

భీమేష్ తువ్వాల గుంజుకుని తుడిచాడు. చర్మం మండేదాకా రుద్దాడు.

"పోయిందారా?"

నగేశ్ వంగి చూశాడు. గొంతు తగ్గించాడు.

"పోతలేదన్నా... మీదికెల్లి గీసింది కాదు. తోలు లోపలికెల్లి గీసినట్టున్నది."