ఏడో నంబరు బండిలో బందీలు

"ఏడో నంబరు, మీరు నలభై సెకన్లు లేటు."

"ఏడో నంబరు నలభై సెకన్లు లేటు. కంట్రోలర్ గారికి కోపం వచ్చింది."

"రెండోది నేను చెప్పలేదు."

"మనసులో అనుకున్నారుగా. దాన్నీ కలిపి చెప్పేశాను."

వాళ్ళ పరిచయం ఈ తగువుతోనే మొదలైంది. ఆమె మెట్రో రైళ్ళ కంట్రోల్ రూమ్‌లో కంట్రోలర్. అతను ఏడో నంబరు బండి డ్రైవరు. రెండేళ్ళుగా వైర్‌లెస్‌లో రోజూ పోట్లాడుకుంటున్నారు కానీ ఒకరి మొహం ఒకరు చూసింది లేదు.

ఆ సంస్థలో ఒక నియమం ఉంది. వైర్‌లెస్‌లో ఏం చెప్పినా, విన్నవాళ్ళు పొల్లుపోకుండా తిరిగి చెప్పాలి. అలా తిరిగి చెప్పిన మాట రికార్డయి, సంతకం పెట్టిన ఉత్తర్వుతో సమానమవుతుంది. అక్కడ పాతికేళ్ళు పనిచేసినవాళ్ళు ఇంట్లో భార్య "కూర మాడింది" అన్నా "కూర మాడింది, అర్థమైంది" అనే అంటారు.

ఆమెకు అతని గొంతంటే ఇష్టం. అతను సెలవు పెట్టిన రోజు బళ్ళన్నీ టైముకే నడిచేవి, ఆమెకే పొద్దుపోయేది కాదు.

ఒక మంగళవారం నాలుగింటికి ఆ గొంతు మారింది.

"కంట్రోల్ రూమ్, బండి సొరంగంలో ఆపాను. నా వెనక ఒక పెద్దాయన ఉన్నారు. పిస్తోలు నా మెడ మీద పెట్టారు."

"పిస్తోలు మీ మెడ మీద పెట్టారు," అని ఆమె తిరిగి చెప్పింది.

పావుగంటలో కంట్రోల్ రూమ్ సంతలా తయారైంది. పోలీసు కమిషనర్ గారు వచ్చారు, సంస్థ డైరెక్టర్ గారు వచ్చారు, టీవీవాళ్ళు గుమ్మం దాకా వచ్చారు. కమిషనర్ గారు సినిమాలు బాగా చూసిన మనిషి. వస్తూనే హెలికాప్టర్ తెప్పించారు.

"వాడు అడగబోయేది ఇదే. వీళ్ళందరూ ఇదే అడుగుతారు. మేం రెడీ!"

"నాకెందుకండీ హెలికాప్టరు? కళ్ళు తిరుగుతాయి," అంది వైర్‌లెస్‌లో ఒక ముసలి గొంతు. "నేను రిటైరైన డ్రిల్లు మాస్టార్ని. మా స్టేషన్లో లిఫ్ట్ చెడిపోయి మూడేళ్ళయింది. మా ఆవిడ మెట్లెక్కలేదు. మూడేళ్ళుగా కూతురింటికి వెళ్ళలేదు. పద్దెనిమిది అర్జీలు పెట్టాను. బాగుచేస్తారో చేయరో, నాకు జవాబు కావాలి. ఐదింటిలోగా రాలేదా, నేను చేసేది చేస్తాను."

కమిషనర్ గారి మొహం వాడిపోయింది. "ఇదేం డిమాండయ్యా! విమానం అడగమనండి, ఇచ్చేద్దాం."

డైరెక్టర్ గారు మరీ బెంబేలెత్తారు. "లిఫ్ట్ ఫైలా? దానికి ఏడు సంతకాలు కావాలి. మూడో సంతకం పెట్టేవాడు సెలవులో ఉన్నాడు."

"సార్, అక్కడ ప్రాణాలు..." అంది కంట్రోలర్.

"ప్రాణాలకు వేరే ఫైలుంటుందమ్మా."

నాలుగూ యాభై ఐదైంది. ఎవరూ ఏ జవాబూ చెప్పలేదు.

"కంట్రోలర్ గారూ," అన్నాడు డ్రైవరు. "ఇంక ఐదు నిమిషాలే. ఒక మాట చెప్పాలి."

"చెప్పండి."

"మీరంటే నాకు ఇష్టం. రెండేళ్ళ నుంచీ. రోజూ లేటు చేసేది మీ చేత తిట్టించుకోవడానికే."

గదిలో అందరి తలలూ ఆమె వైపు తిరిగాయి. ఏం చేస్తుంది, నియమం నియమమే. గొంతు సవరించుకుంది.

"ఏడో నంబరు డ్రైవరుకు కంట్రోలర్ అంటే ఇష్టం. రెండేళ్ళ నుంచీ. లేటు చేసేది... తిట్టించుకోవడానికే. సరేనా?"

"సరేనండి."

గుమ్మం దగ్గరి టీవీవాళ్ళు ఈ సంభాషణను ఊరంతటికీ వినిపించారు. ఆమెకు సిగ్గుపడే తీరిక లేదు. ఈ మనిషి లేకపోతే నా జవాబు ఎవరికి చెప్పుకోను అని ఏడుపు తన్నుకొచ్చింది, దాని వెనకే కోపం వచ్చింది. మైకు తీసుకెళ్ళి డైరెక్టర్ గారి నోటి దగ్గర పెట్టి, డ్యూటీ గొంతుతో అరిచింది.

"కంట్రోల్ రూమ్ చెబుతోంది! మాస్టారి స్టేషన్లో లిఫ్ట్ పది రోజుల్లో బాగుచేయాలి!"

డైరెక్టర్ గారు ఆ కుర్చీలోకి రాకముందు ఇరవై ఏడేళ్ళు రైలు నడిపినవారు. బుర్ర అడ్డుపడేలోగా నోరు తన పని తాను చేసుకుపోయింది.

"మాస్టారి స్టేషన్లో లిఫ్ట్ పది రోజుల్లో బాగుచేయాలి. అర్థమైంది."

అనేసి నాలుక కరుచుకున్నారు. అప్పటికే అది రికార్డయిపోయింది.

"విన్నారా మాస్టారూ? ఇది ఉత్తర్వు. ఇంక ఎవరూ కాదనలేరు."

"విన్నాను తల్లీ," అన్నారాయన. "మూడేళ్ళలో నాకు జవాబంటూ ఇప్పించింది నువ్వొక్కదానివే."

పిస్తోలు డ్రైవరు చేతిలో పెట్టేశారు. అది పరుగుపందేలు మొదలుపెట్టేటప్పుడు పేల్చేది. చప్పుడు తప్ప అందులో ఏమీ లేదని తెలిసి కమిషనర్ గారు చాలా నొచ్చుకున్నారు. మాస్టారిని వదిలేయమని ప్రయాణికులు రెండు వందలమందీ సంతకాలు చేసి అర్జీ ఇచ్చారు. అది ప్రస్తుతం పరిశీలనలో ఉంది.

బండి కంట్రోల్ రూమ్ కింద ఉన్న స్టేషనుకు వచ్చింది. ఆమె మెట్లన్నీ పరుగున దిగింది. ఆ గొంతుకు ఆరడుగుల మనిషిని ఊహించుకుంది. తీరా చూస్తే ఆమె కన్నా అంగుళం పొట్టి. అయినా కళ్ళు తిప్పుకోలేకపోయింది.

"తిరిగి చెప్పారు సరే," అన్నాడతను. "జవాబు చెప్పలేదు."

"ఊరంతా వింటుంటేనా?" అంది ఆయాసపడుతూ. "నాకూ మీరంటే ఇష్టం. చాలా. ఆ ఐదు నిమిషాలూ నేను నేనుగా లేను, తెలుసా?" అంటూ కళ్ళు తుడుచుకుంది.

ఫోను మోగింది. అమ్మ.

"ఊరందరికీ తెలిశాక నాకు తెలిసింది, సంతోషం. నువ్వేమన్నావే?"

"ఒప్పుకున్నానమ్మా."

"ఫోను అతనికివ్వు."

అతను ఫోను రెండు చేతులతో పట్టుకున్నాడు. "నమస్కారం అత్తయ్యగారూ."

"అప్పుడే అత్తయ్యనైపోయానా?"

"ఇప్పుడే చచ్చి బతికానండీ. ఆంటీ దగ్గర మొదలుపెట్టి అత్తయ్య దాకా రావడానికి నాకు ఓపిక లేదు."

అవతల అమ్మ పకపకా నవ్వింది. "ఆదివారం భోజనానికి రా బాబూ," అంది.